నయం చెయ్యని ఆపరేషన్

ఈమధ్య నొప్పి సర్దుకున్న పూటలు కొన్ని దొరుకుతున్నాయి. ఆ పూటల్లో మా అమ్మ అద్దెకుంటున్న ఇంటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నేను పదో తరగతి దాకా చదివాను. పెళ్ళయ్యాక వారపత్రికల్లో సీరియళ్ళు చదవడం, ఇంటికి ఉత్తరాలు రాయడం తప్ప కాగితంతో నాకు పెద్ద పని పడలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నాకు వచ్చింది రొమ్ము కాన్సర్. నయం కాలేదు. కాదు కూడా. చివర్లో ఏదో అద్భుతం జరుగుతుందని ఆశపడి చదివేవాళ్ళని మోసం చెయ్యడం ఇష్టం లేక ఆ సంగతి ముందే చెబుతున్నాను. నయం కాదని తెలిసే, ఖతార్‌లో పనిచేస్తుండగా ఆపరేషన్ చేయించుకున్నాను. మా ఊళ్ళో కొందరు ఇప్పటికీ "ఎలాగూ పోయేదానికి ఆ కోతెందుకు?" అంటారు. వాళ్ళకి జవాబు చెప్పాలని కొంత, నాలాగే గల్ఫ్ ఇళ్ళలో పనిచేస్తూ ఒంట్లో సంగతి ఎవరికీ చెప్పుకోలేని ఆడవాళ్ళ చెవిన వెయ్యాలని కొంత, ఇది మొదలుపెట్టాను. నా గుండె నేను దిటవు చేసుకోవడానికి కూడా.

1995, చలికాలం

నా పేరు సత్యవతి. మాది రాజోలు పక్క ఊరు. దోహాలో అల్ సద్ అనే పేటలో ఒక పెద్ద ఇంట్లో పనికి ఉండేదాన్ని. మా ఆయన సూర్యారావు నాకన్నా ముందే ఖతార్‌లోనే అల్ ఖోర్ అనే ఊరు వెళ్ళి, ఒక కంపెనీలో సెంట్రింగ్ పని చేసేవాడు. క్యాంపులో ఉండేవాడు. ఒకే దేశంలో ఉన్నా మేము కలిసేది నెలకో రెండు నెలలకో ఒక శుక్రవారం. నేనుండే ఇంటి గేటు పక్కన డ్రైవరు గది ముందు కుర్చీలు వేసుకుని, సాయంత్రం బస్సు వేళయ్యేదాకా మాట్లాడుకునేవాళ్ళం. మా పాప స్వాతి ఊళ్ళో మా అమ్మ దగ్గర పెరిగేది.

ఆ ఇంట్లో నా పని అంతా పెద్దావిడతో. ఇంట్లో అందరూ ఆవిడని "యుమ్మా" అని పిలిచేవారు. అమ్మా అని. షుగరు వల్ల ఆవిడకి చూపు దాదాపు పోయింది. స్నానం చేయించడం, తలకి నూనె రాయడం, కాళ్ళు పట్టడం, తెల్లవారుజామున ఫజర్ నమాజుకి లేపి కూర్చోబెట్టడం నా వంతు. ఆవిడ చిన్నతనంలో వాళ్ళ నాన్న ముత్యాల వ్యాపారం మీద బొంబాయిలో ఉండేవాడట. అక్కడ నేర్చిన హిందీ ఆవిడకి ఇంకా గుర్తుంది. ఆ హిందీ కొంత, నేను పట్టుకున్న అరబ్బీ కొంత, మా ఇద్దరి భాష అది. నన్ను "సాతీ" అనేది.

ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో రేగ్గింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బెలా అవుతుందిలే అనుకున్నాను. ఈ ఒక్క మాట ఎంతమందిని చంపిందో నాకిప్పుడు తెలుసు.

1996, ఎండాకాలం

గింజ నిమ్మకాయైంది. పైన చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడింది. ఏప్రిల్‌లో చిట్లింది.

ఎవరికైనా చెప్పొచ్చు కదా అని మీరడుగుతారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు అడగరు. వీసా రెన్యువల్‌కి మెడికల్ చేస్తారు. అందులో "అన్‌ఫిట్" అని వస్తే సూట్‌కేసు సర్దుకోవడమే. ఆ మాటంటే అక్కడ కాన్సర్ అన్నదానికన్నా ఎక్కువ భయం. పైగా చెప్పాల్సింది చేతి మీద పుండు గురించా, కాలి మీద పుండు గురించా? ఏ మగాడి ముందు రవిక విప్పి చూపించను?

పాత బట్టలు చించి మడతలు పెట్టి లోపల పెట్టుకునేదాన్ని. తడిసిపోయేవి. వాటిని మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక ఉతికి అక్కడే ఆరేసేదాన్ని. ఆ ఎండకి చిటికెలో ఆరిపోయేవి. బట్టలు ఆరినా వాసన ఆరేది కాదు.

ఆ వాసన గురించి రాయకుండా ఈ జబ్బు గురించి రాయలేను. వానాకాలంలో గోడ సందులో ఎలక చచ్చి పడుంటే ఇల్లంతా ఎలా ఉంటుందో, అది నాలోంచి వచ్చేది. ఎక్కడికి వెళ్ళినా నాకన్నా ముందే వెళ్ళేది. రోజుకి మూడుసార్లు స్నానం చేసేదాన్ని. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే అదే వాసన. సాయంత్రాలు ఇంటినిండా బుఖూర్ పొగ వేసే పని నేనే అడిగి తీసుకున్నాను. బుఖూర్ అంటే మన సాంబ్రాణి లాంటిది, సువాసన చెక్కలు నిప్పుల మీద వేస్తారు. ఆ ధూపం పట్టుకుని గదిగదికీ తిరిగే కాసేపు మనుషుల మధ్య నిలబడగలిగేదాన్ని.

మేడమ్, అంటే పెద్దావిడ కోడలు, ఒకరోజు నన్ను పక్కకి పిలిచి కొత్త సబ్బు, సెంటు సీసా చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది. పిల్లలు ముక్కు మూసుకుని నా పక్కనుంచి పరిగెత్తేవాళ్ళు. వంటవాడు తన కంచం పట్టుకుని బయటికి పోయి తినడం మొదలుపెట్టాడు.

ఇంటి డ్రైవరు శంకర్ ఒక్కడే మారలేదు. నిజామాబాద్ జిల్లావాడు, నాకన్నా చిన్నవాడు. పెద్దావిడని క్లినిక్‌కి తీసుకెళ్ళేటప్పుడు నేనూ కారెక్కాలి. వేరే ఎవరైనా అయితే నేను ఎక్కగానే అద్దం దించేవాళ్ళు. శంకర్ ఎప్పుడూ దించలేదు. స్టీరింగు మీద చేతులు బిగించి నోటితో గాలి పీల్చుకుంటూ నడిపేవాడు. వెనక సీట్లోంచి నాకు తెలిసేది.

1996, నవంబరు

ఆ నెలలో మా కోనసీమ మీద తుఫాను పడింది. టీవీలో చూపించారు, కొబ్బరి తోటలు తోటలే మంచం పట్టినట్టు పడుకుని ఉన్నాయి. ఊరికి ఫోను కలవదు. మా ఆయన అల్ ఖోర్ నుంచి వచ్చేశాడు. గేటు దగ్గర నేలమీద కూలబడి ఏడ్చాడు. నా ఒంటి వాసన ఆ రోజు ఆయనకి తగిలే ఉంటుంది, కానీ ఆ ఏడుపులో పట్టించుకోలేదు. అమ్మ, స్వాతి బతికే ఉన్నారని, బడి మేడ మీద తలదాచుకున్నారని, ఇల్లు మాత్రం లేదని కబురు వచ్చింది.

ఇల్లు లేని ఊరికి నేను పుండు పట్టుకుని ఎలా వెళ్ళను? నోరు మూసుకున్నాను.

1997, రంజాన్

రంజాన్ నెలలో ఒక సాయంత్రం ఉపవాసం విడిచాక పెద్దావిడ కాళ్ళు పడుతున్నాను. ఆవిడ ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది. దగ్గరికి లాక్కుని నా మెడ దగ్గర ముక్కు పెట్టింది. నేను వెనక్కి జరగబోతే వదల్లేదు.

"అందరూ నువ్వు స్నానం చెయ్యవంటున్నారు. కళ్ళున్నవాళ్ళ మాటలు అవి. ఇది పుండు వాసన. ఎక్కడ?" అంది.

ఆవిడే చెయ్యి జాపి బట్టల మీంచి తడిమింది. గట్టిగా రాయిలా ఉన్నచోట ఆగింది. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

"మా అక్కకి ఇదే వచ్చింది. అప్పుడు మాకు ఆసుపత్రి లేదు. పెరట్లో ఒక గదిలో పెట్టారు. నేను గిన్నె తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టి పరిగెత్తుకొచ్చేసేదాన్ని. సాతీ, అది లోపల్నుంచి నా పేరు పెట్టి పిలిచేది. నేను వెళ్ళలేదు."

అప్పుడు ఏడ్చాను. పుండు పుట్టాక అదే మొదటిసారి.

ఆ రాత్రి హాల్లో పెద్ద గొడవైంది. ఆవిడ కొడుకు మా కఫీల్, అంటే నా వీసాకి పూచీ ఉన్న యజమాని. చెడ్డవాడు కాదు. "పాపం, టికెట్ ఇచ్చి వాళ్ళ ఇంటికి పంపిద్దాం, వాళ్ళ వాళ్ళ దగ్గరుంటుంది" అన్నాడు. మేడమ్ కూడా అదే అంది. పెద్దావిడ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "ముందు ఆసుపత్రి. టికెట్ తరవాత. వాసనతో ఎవరినీ నా గుమ్మం దాటించను!"

1997, ఫిబ్రవరి

పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ వెయిటింగ్ హాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు మెడ వంగిపోతుంది. నేను కూర్చున్న బెంచీ నిండుగా ఉండేది. కాసేపటికి ఒకామె లేచేది, తరవాత ఇంకొకామె. చివరికి నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. అవతల గోడ దగ్గర అంతమంది నిలబడి ఉండేవారు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు కూడా.

ఒకరోజు అలా ఒంటరిగా ఉంటే ఒక నర్సు నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. పేరు లీలమ్మ, మలయాళీ. ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని అక్కడే రాసుకోవడం మొదలుపెట్టింది. "సిస్టర్, ఆఫీసులో రాసుకోండి, ఇక్కడ..." అన్నాను. "ఇక్కడ ఫ్యాను బాగుంది, మోళే" అంది. మోళే అంటే వాళ్ళ భాషలో బిడ్డా అని. పైన ఫ్యాను తిరగడం లేదు.

పుండు కడిగి, ఏదో మాత్ర పొడి చేసి చల్లింది కూడా ఆవిడే. అది చల్లాక కొన్నాళ్ళు వాసన సగానికి తగ్గింది. ఒక మాత్రతో తగ్గేదాన్ని అన్ని నెలలు మోశానా అనిపించింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు పిలిచాడు. సూడాన్ మనిషి, చాలా పొడుగు. నిలబడి చెబుతాడనుకున్నాను. స్టూలు లాక్కుని, మోకాళ్ళు ముడుచుకుని, నా కళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు. అప్పుడే అర్థమైంది. ఆయన చెప్పేది లీలమ్మ సిస్టర్ హిందీలో చెప్పింది.

"జబ్బు వెన్నెముకలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. దాన్ని నేను తీసెయ్యలేను. అబద్ధం చెప్పను."

"అయితే ఇంటికి పంపించెయ్యండి."

"పంపిస్తాను. కానీ ఈ పుండు పెరుగుతూనే ఉంటుంది. రక్తం కారుతుంది. ఇప్పుడైతే దాన్ని మొత్తం కోసి, తొడ మీద చర్మం తీసి అక్కడ కప్పగలను. ఒక నెల పోతే అదీ కుదరదు."

"కోస్తే బతుకుతానా?"

"ఈ ఆపరేషన్ అందుకు కాదు. నువ్వు ఉన్నన్ని రోజులు మనుషుల పక్కన కూర్చోడానికి."

ఆయనకి నా వెయిటింగ్ హాలు సంగతి ఎవరు చెప్పారో తెలీదు. ఎవరూ చెప్పక్కర్లేదేమో.

వార్డులో

నా పక్క మంచం మీద కుసుమ అనే శ్రీలంక ఆవిడ. ఆవిడా ఇంట్లో పనిచేసేదే. కడుపులో గడ్డ పేగుని మూసేసింది. నీళ్ళు తాగినా వాంతే. ఆవిడకీ నాలాంటి ఆపరేషనే చెప్పారు, నయం కోసం కాదు, ఏదో ఒకటి మింగడానికి దారి చెయ్యడానికి. చేశారు. లేచి కూర్చున్నాక చక్కెర ఎక్కువేసిన టీ అడిగింది. కప్పు రెండు చేతులతో పట్టుకుని కొంచెం కొంచెం తాగింది. నా వైపు చూసి నవ్వింది. ఇంకో కప్పు అడిగింది.

వారం తిరక్కుండా పోయింది. జ్వరం వచ్చి, మాట పడిపోయి, ఒక మధ్యాహ్నం. ఆవిడ పరుపు తిరగేసి కొత్త దుప్పటి వేస్తుంటే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆ శుక్రవారమే మా ఆయన వచ్చాడు. విషయం ఆయనకి శంకర్ ఫోనులో చెప్పాడు. ఆపరేషన్‌కి భర్త సంతకం కావాలన్నారు. ఆయన మంచం దగ్గరికి రాకుండా కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళయింది సత్యా ఇది?"

"ఏడాది పైనే అయిందండి."

"ఏడాదా! నాతో ఒక్క ముక్క... నేను చచ్చాననుకున్నావా?" అని అరిచి, మళ్ళీ గొంతు తగ్గించాడు. "పద, ఊరెళ్ళిపోదాం. పసరు కట్టేవాళ్ళున్నారు. దీనికి కత్తి తగిలిందంటే ఒళ్ళంతా పాకేస్తుంది. మా మేనత్తకి ఏమైందో తెలుసుగా?"

"పాకాల్సినచోటికి పాకేసిందండి. డాక్టరు చెప్పాడు."

"మరి నయం కాని దానికి కోయించుకోడం దేనికే? ఈ పక్క మంచం ఆవిడకీ చేశారంటగా. ఏమైంది? చూశావుగా!"

"చూశాను. టీ తాగింది."

ఆయనకి అర్థం కాలేదు. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. సంతకం పెట్టకుండా వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. బాగా వచ్చింది. ఏడాది పాటు నేనొక్కదాన్నే మోసినదానికి, సంతకం మాత్రం ఆయనదా?

సాయంత్రానికి శంకర్ ఆయన్ని వెనక్కి తీసుకొచ్చాడు. బస్టాండులో బస్సెక్కకుండా కూర్చుని ఉన్నాడట. గుమ్మం అవతల వాళ్ళ మాటలు నాకు వినపడుతున్నాయి.

"అన్నా, నువ్వు ఆ పుండు చూసినవా?"

"లేదు తమ్ముడూ."

"చూడకుండనే వద్దంటున్నవ్. ఒక్కసారి చూడు. చూసినంక నీ ఇష్టం. అక్క పానం ఎట్లున్నదో నీకు తెల్వాలె గదా."

లీలమ్మ సిస్టర్ కట్టు మార్చడానికి వచ్చింది. ఆయన్ని లోపలికి పిలిచి తెర లాగింది. నేను కళ్ళు మూసుకున్నాను. నా ఒంటి మీద ఆ చోటు ఆయన చూసి ఎన్నాళ్ళయింది! పెళ్ళైన కొత్తల్లో దీపం ఆర్పకపోతే సిగ్గుపడే మనిషిని. సిస్టర్ పాత గుడ్డ ఊడదీస్తుంటే అది అంటుకున్నచోట రక్తం ఉబికింది. ఆయన ఊపిరి శబ్దం ఆగిపోయింది. తరవాత గోడకి చెయ్యి ఆనించిన చప్పుడు, వాంతి చేసుకుంటున్న చప్పుడు.

నేను కళ్ళు తెరిచేసరికి నేల మీద తన కండువాతో తుడుస్తున్నాడు. సిస్టర్ వద్దంటున్నా వినడంలేదు. తుడుస్తూనే, తలెత్తకుండా అన్నాడు.

"ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పమను. తీసెయ్యమను దాన్ని. దీంతో ఎలా ఉన్నావే తల్లీ ఇన్నాళ్ళు?"

నన్ను తల్లీ అని పిలవడం అదే మొదటిసారి.

1997, మార్చి

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. చల్లటి గది, ముఖం మీద మాస్కు, అంతే. లేచాక రొమ్ము చోట నొప్పి కన్నా తొడ మంట ఎక్కువ. చర్మం వలిచినచోట నిప్పు కణికలు అంటించినట్టు ఉండేది. దుప్పటి తగిలినా కేక పెట్టేదాన్ని.

అతికించిన చర్మం అంతా పట్టలేదు. ఒక పక్క నల్లబడింది. మళ్ళీ కోశారు, మళ్ళీ అతికించారు. జ్వరం వచ్చింది. కుసుమ మంచం మీదికి ఇంకెవరో వచ్చారు, వెళ్ళారు. ఎడమ చెయ్యి వాచి గుంజలా అయింది, ఇప్పటికీ అలాగే ఉంది. ఒక్కొక్కప్పుడు మా ఆయన మాటే నిజమేమో, ఎందుకు ఒప్పుకున్నానా అని తిట్టుకున్నాను. ఇవన్నీ దాచి ఆపరేషన్ గొప్పది అని రాయలేను.

కానీ ఒక పొద్దున ఎదురు మంచం దగ్గర ఎవరో కమలాపండు వలుస్తున్నారు. నాకు కమలాపండు వాసన వచ్చింది. మొదట అదేమిటో పోల్చుకోలేకపోయాను. తరవాత నా చెయ్యి వాసన చూసుకున్నాను, దుప్పటి వాసన చూసుకున్నాను. డెట్టాలు, సబ్బు. అంతే. ఇంకేం లేదు. పండు వలిచే ఆవిడ నన్ను చూసి భయపడి నర్సుని పిలిచింది. అంత గట్టిగా ఏడ్చానట.

పెద్దావిడ చక్రాల కుర్చీలో వచ్చింది. శంకర్ తోసుకొచ్చాడు. ఇంటి నుంచి ఫ్లాస్కులో కహ్వా, అంటే వాళ్ళ అరబ్బీ కాఫీ, ఖర్జూరాలు తెప్పించుకుంది. "నన్ను దాని పక్కన పెట్టు" అంది. నా మంచానికి ఆనుకుని కూర్చుని, నాకో కప్పు, తనకో కప్పు పోయించుకుని తాగింది. వెళ్ళేముందు వంగి నా మెడ దగ్గర ముక్కు పెట్టింది. "హం, ఇప్పుడు నువ్వు ఆసుపత్రి వాసన వేస్తున్నావు" అని ముఖం చిట్లించుకుంది. ఆవిడ వేళాకోళం ఆడటం నాకు తెలియదు, నవ్వడానికి కాసేపు పట్టింది.

1997, జూన్

గాయం మూసుకున్నాక వీసా క్యాన్సిల్ చేశారు. దానికి నాకు బాధ లేదు. ఎడమ చేత్తో నేను పని చెయ్యలేను. మా ఆయన కాంట్రాక్టు ఇంకా అవలేదు, కూలిన ఇల్లు మళ్ళీ లేవాలి. అందుకని ఆయన ఉండిపోయాడు. ఇద్దరం అనుకునే తీసుకున్న నిర్ణయం, అయినా ఎయిర్‌పోర్టులో ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకోలేకపోయాం. "నేను వచ్చేదాకా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ వాక్యం ఎలా పూర్తిచెయ్యాలో నాకూ తెలియలేదు. "వేళకి తినండి" అన్నాను.

శంకర్ పెట్టె దించి పెట్టాడు. అప్పుడడిగాను, "తమ్ముడూ, అన్ని నెలలు కారులో అద్దం ఎందుకు దించలేదు నువ్వు?"

"ఎండ గదక్కా. అద్దం దించితే ఏసీ పోతది" అన్నాడు. "పైలం. పోయిరా."

విమానంలో నా పక్క సీట్లో కడప జిల్లా అమ్మాయి కూర్చుంది. అన్నం తింది, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. బొంబాయి దాకా లేవలేదు. నేను కదల్లేదు.

ఇప్పుడు

రెండు వానాకాలాలు గడిచాయి. డాక్టరు చెప్పినదానికన్నా ఎక్కువే ఉన్నాను. జబ్బు నెమ్మదించడానికి రోజుకో మాత్ర వేసుకుంటున్నాను. ఆరు నెలల నుంచి వెన్నులో నొప్పి మొదలైంది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. దీనికి మంచి మందు ఉందని దోహాలో లీలమ్మ సిస్టర్ చెప్పింది. కాకినాడలో అడిగితే ఆ మందు ఇక్కడ దొరకదన్నారు. దొరికే మాత్రలు వేసుకుంటే రెండు మూడు గంటలు సర్దుకుంటుంది. మా ఆయన కిందటి దసరాకి వచ్చి, కొత్త ఇంటి గోడలు లేపించి వెళ్ళాడు. పైకప్పుకి మళ్ళీ వస్తానన్నాడు. నేను ఉండగా వస్తే బాగుణ్ణు.

కాకినాడ ఆసుపత్రిలో డాక్టరు నా మచ్చ చూసి ఆశ్చర్యపోయాడు. "ఎముకల్లోకి వెళ్ళాక కూడా ఇంత ఆపరేషన్ చేశారా? ఎక్కడ?" అన్నాడు. చెప్పాను. బయటికొస్తుంటే వరండా చివర, చెప్పులు విడిచే చోటుకి అవతల, ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. చీర కొంగు గుండెల మీద ముద్దగా పట్టుకుని ఉంది. చుట్టూ ఎవరూ లేరు. వెళ్ళేదాకా అక్కర్లేదు, నాకు దూరం నుంచే తెలిసిపోయింది.

వెనక్కి వెళ్ళి డాక్టర్ని అడిగాను. "ఆవిడకి కూడా నాలా చెయ్యండి బాబూ."

ఆయన విసుక్కోలేదు. అలిసిపోయిన మనిషి. "అమ్మా, నాకు వారంలో ఆపరేషన్ గది దొరికేది ఒక్కరోజు. కోస్తే బతికేవాళ్ళే వరసలో ఉన్నారు. వాళ్ళని ఆపి, బతకనివాళ్ళకి ఎలా చెయ్యమంటావు?"

ఆయన వరసలో ఉన్నవాళ్ళకీ పిల్లలుంటారు. అయినా ఆ మాట న్యాయంగా ఉందని నాకనిపించలేదు. ఇప్పటికీ అనిపించడంలేదు. వరండా చివరికి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. యానాం వైపు మనిషి, పేరు నూకాలమ్మ. నేను కూర్చోగానే "దూరంగా ఉండమ్మా" అంటూ తనే జరిగింది. నేనూ జరిగాను. మళ్ళీ జరిగింది, గోడ అడ్డమొచ్చింది. నా రవిక పక్కకి తీసి మచ్చ చూపించాను. లీలమ్మ సిస్టర్ పొడి చేసి చల్లిన మాత్ర పేరు చెప్పి, ఎలా చల్లుకోవాలో చెప్పాను. ఆవిడ బస్సు వచ్చేదాకా అక్కడే ఉన్నాను. తరవాతిసారి వెళ్ళినప్పుడు ఆవిడ కోసం చూశాను. కనపడలేదు. ఆపరేషన్ చేశారా అంటే, ఆ పేరు ఎవరికీ గుర్తులేదు.

ఇది చదివే ఆడవాళ్ళకి చెప్పేది ఒకటే. గింజంత ఉన్నప్పుడే చూపించుకోండి. ఉద్యోగం పోతే పోనివ్వండి. అప్పటికే ఆలస్యమైపోయిందా, పుండు పడిందా, అప్పుడు కూడా చూపించుకోండి. నయం కాదంటే అక్కడితో లేచి రాకండి. వేరే ఏం చెయ్యగలరో అడగండి. అడిగినా చెయ్యకపోవచ్చు. అడగండి.

స్వాతికి పదకొండేళ్ళు వచ్చాయి. నేను వచ్చిన కొత్తల్లో నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసేది. ఎక్కువకాలం ఉండనని దానికి తెలుసు; మా అమ్మ చెప్పొద్దన్నా నేనే చెప్పాను. విని, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మర్నాటి నుంచి మామూలుగానే ఉంది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం కరెంటు లేదు. చాప మీద పడుకుని ఉంటే వచ్చి పక్కన చేరింది. కుడివైపు రమ్మంటే వినకుండా ఎడమవైపే వచ్చి, మచ్చ మీద చెవి ఆనించి పడుకుంది. అక్కడ ఇప్పుడు చర్మం, కింద ఎముక, అంతే.

"అమ్మా, ఇటుపక్క నీ గుండె చప్పుడు భలే వినపడుతుందే! అడ్డం ఏం లేదు కదా, అందుకు" అంది.

దాని తల బరువుకి వెన్నులో పోటు మొదలైంది. అది నిద్రపోయేదాకా అలాగే ఉండనిచ్చాను.